పనస తలుపూ, రెండు డెగూలూ

అనగా అనగా, ఉప్పుగాలి తగిలే ఒక రేవు ఊరు. ఆ ఊళ్ళో సోమాంబ అనే ఒక తల్లి. ఆమెకు ఒక్కతే కూతురు, పైడి.

సోమాంబ భర్త గౌరయ్య వడ్రంగి. ఆయన చేసిన ఆఖరి పని తన ఇంటి తలుపే. పనస చెక్క మీద చిలకల్ని చెక్కాడు, తీగల్ని చెక్కాడు, తీగతీగకీ మొగ్గల్ని చెక్కాడు. కింది వరస మొగ్గలు చెక్కుతుండగా జ్వరం వచ్చింది. మళ్ళీ లేవలేదు. రెండు మొగ్గలు సగంలోనే ఉండిపోయాయి.

సోమాంబ రోజూ గడప కడిగేది. శుక్రవారం పసుపు రాసి బొట్లు పెట్టేది. తరవాత కొంగుతో తలుపు తుడిచేది. ఆ రెండు మొగ్గల దగ్గరికి వచ్చేసరికి చెయ్యి నెమ్మదించేది.

ఒక ఏడు ఆమె తమ్ముడు ఓడ దిగి వచ్చి మేనకోడలి చేతిలో ఒక బుట్ట పెట్టాడు. బుట్టలో రెండు జీవాలు. ఎలుక కన్నా పెద్దవి, ఉడత కన్నా బొద్దైనవి. తోక చివర నల్లటి కుచ్చు. పళ్ళు నారింజ పండు రంగు.

"వీటిని డెగూలంటారు. సముద్రాల అవతల కొండల్లో పుట్టాయి," అన్నాడు మేనమామ.

పైడి ఆడదానికి గింజ అనీ, మగదానికి పొట్టు అనీ పేర్లు పెట్టింది. తండ్రి పోయాక మూగనోము పట్టినట్టున్న పిల్ల, వాటితో ఆడుతూ గలగలా నవ్వింది. ఆ నవ్వు విని సోమాంబ పొయ్యి దగ్గరే కూర్చుని కళ్ళు తుడుచుకుంది.

నెల తిరగలేదు. ఒక ఉదయం తలుపు తుడుస్తుంటే చేతికి గరుకు తగిలింది. ఒక చిలకకి తోక లేదు. గడప మీద సన్నటి పొడి.

"ఒసేవ్ పైడీ! నీ ఎలకలు నా తలుపు తినేస్తున్నాయే!"

"ఎలకలు కావమ్మా, డెగూలు."

"పేరు మారిస్తే బుద్ధి మారుతుందా?"

పొట్టు ముందుకొచ్చి చేతులు జోడించింది. "తల్లీ, మేం తినడం లేదు, కొరుకుతున్నాం. మా పళ్ళు ఆగకుండా పెరుగుతాయి. అరగదీసుకోకపోతే మాకు నోరు ఆడదు."

"పళ్ళు నాకూ ఉన్నాయి. నేను తలుపులు కొరుకుతున్నానా?" అంది సోమాంబ.

"అమ్మా, పెరట్లో జామకొమ్మలున్నాయిగా, అవి ఇద్దామే," అంది పైడి.

"చెక్క రుచి మరిపించాలి గాని, ఇంకా మప్పుతారటే? వద్దు."

సోమాంబ వేపనూనెలో మిరపపొడి కలిపి తలుపంతా పూసింది. డెగూల మూతులు ఎర్రబడ్డాయి, కళ్ళ వెంట నీళ్ళు కారాయి. రెండు రోజులు తలుపు జోలికి రాలేదు. మూడో రోజు కిటికీ చట్రం కొరికాయి.

పక్కింటి రాజ్యం గోడ మీంచి తొంగిచూసి నవ్వింది. "చేదుకి లొంగనిది తీపికి లొంగుతుంది వదినా. నోట్లో బెల్లముంటే తలుపెవరిక్కావాలి?"

అదీ నిజమే అనుకుంది సోమాంబ. పూటకో బెల్లం ముక్క పెట్టసాగింది.

"తల్లీ, ఇది మా ఒంటికి పడదు," అంది గింజ.

"పడనిదాన్ని ఎందుకు తింటున్నావు?"

"ఎదురుగా పెడితే ఆగలేక, తల్లీ."

బెల్లం నోట్లో కరిగిపోయేది. పళ్ళు అరిగేవి కావు. కొన్నాళ్ళకి గింజ నడుస్తూ నడుస్తూ నీళ్ళ గిన్నెకి తగులుకోవడం మొదలుపెట్టింది. దాని కళ్ళ మీద పాలమీగడ లాంటి పొర కమ్మింది.

ఆ వారమే, సగం చెక్కిన మొగ్గల్లో ఒకటి కనిపించకుండా పోయింది.

గింజ కళ్ళు సోమాంబ చూడలేదు. మొగ్గనే చూసింది. గడప మీద కూలబడి పెద్దగా ఏడ్చింది. ఏడ్చి లేచి, కంచరివాడింటికి వెళ్ళి ఇత్తడి బోను చేయించుకొచ్చింది. అడుగు ఇత్తడి, గోడలు ఇత్తడి, గిన్నె ఇత్తడి. లోపల అంగుళం చెక్క లేదు.

"ఇప్పుడు కొరకండి, చూస్తాను."

పైడి తల్లి కాళ్ళు చుట్టేసుకుంది. "రోజుకొక్క పుల్ల పెట్టనివ్వమ్మా. ఒక్కటే."

"నా మీద ఒట్టే, పుల్ల పెట్టావంటే."

పైడి చేతులు వదిలేసింది. మళ్ళీ అడగలేదు.

తలుపు భద్రంగా ఉంది. రోజులు గడిచాయి. గిన్నెలో తిండి వేసింది వేసినట్టే ఉండసాగింది. అలిగాయనుకుంది సోమాంబ. పొట్టు మాట్లాడటం మానేసింది. పొగరనుకుంది.

ఒక ఉదయం పొట్టు లేవలేదు. గింజ పక్కనే కూర్చుని, కనిపించని కళ్ళతో, దాని చెవులు నాకుతోంది.

సోమాంబ బోను తెరిచి పొట్టుని చేతిలోకి తీసుకుంది. దూదిపింజంత బరువు లేదు. కింది పళ్ళు వంకర తిరిగి పై అంగిట్లో దిగబడ్డాయి. తిననని మొరాయించిన నోరు కాదది, తెరుచుకోలేని నోరు.

పైడి స్తంభం పక్కన నిలబడి చూస్తోంది. ఏడవటం లేదు.

"ఒసే పిచ్చిదానా," అంది సోమాంబ, "నాకు తెలియకుండానైనా ఒక పుల్ల వెయ్యకపోయావా?"

"నీ మీద ఒట్టన్నావుగా అమ్మా. నాన్న లేడు. నువ్వు కూడా పోతే?"

సోమాంబ కూతుర్ని దగ్గరికి లాక్కుంది.

"ఒట్టు తీసి గట్టు మీద పెట్టానే తల్లీ. తప్పు నాది."

గింజని కొంగులో చుట్టుకుని, పైడి చెయ్యి పట్టుకుని, పశువుల వైద్యుడు మల్లయ్య ఇంటికి పరుగెత్తింది. మల్లయ్య గింజ నోరు తెరిచి చూశాడు. చిన్న పట్టకారుతో పెరిగిన పళ్ళు కత్తిరించాడు.

"ఇది బతుకుతుంది చెల్లెమ్మా. రోజూ పచ్చి జామకొమ్మ వెయ్యి. బెల్లం చూపించకు."

"కళ్ళో, అన్నా?"

మల్లయ్య తల అడ్డంగా ఊపాడు.

ఇంటికి రాగానే సోమాంబ కత్తి పట్టుకుని పెరట్లోకి వెళ్ళింది. లేత కొమ్మలూ ముదురు కొమ్మలూ కొట్టి తెచ్చింది. తలుపు అడుగున జానెడు ఎత్తు రేకు కొట్టింది. మేకు దిగిన ప్రతిసారీ పెదవి కొరుక్కుంది గాని, చెయ్యి ఆపలేదు. ఆనాటి నుంచీ గింజని బయట వదిలినంతసేపూ తల్లో కూతురో పక్కనే ఉండేవారు. అది తలుపువైపు తిరిగితే మెల్లగా ఎత్తి కొమ్మ దగ్గర దింపేవారు.

గింజ మళ్ళీ తలుపు ముట్టలేదు. దానికి కావలసింది తలుపు కాదుగా!

"నన్ను క్షమించవే," అంది సోమాంబ ఒకనాడు, దాని వీపు నిమురుతూ.

గింజ కొరకడం ఆపింది. "మొదటి రోజే చెప్పాం, తల్లీ," అంది. అంతే అంది.

రోజూ అది కొమ్మని సగం వరకే కొరికేది. మిగతా సగం ముక్కుతో పక్కకి నెట్టి, పొట్టు కూర్చునే చోట పెట్టేది. పైడి తల్లి ముఖం వంక చూసేది. ఆ సగం కొమ్మని సోమాంబ ఏ రోజూ ఊడ్చెయ్యలేదు.

కాబట్టి పిల్లలూ, పెద్దలూ, ప్రాణి చేసే పనిని మాన్పించాలంటే ముందు దాని అవసరం తీర్చాలి గాని, నోరు కట్టెయ్యకూడదు.