బొంతలకోన ఎండమ్మ తల్లి గుడికి కప్పు ఎందుకు లేదు

బొంతలకోనలో వెలసిన ఎండమ్మ తల్లి గుడికి నాలుగు గోడలున్నాయి, కప్పు లేదు. మిట్టమధ్యాహ్నం ఎండ అమ్మ ముఖం మీద పడే వేళ చూస్తే, ఆ తల్లి మనల్నే చూసి నవ్వినట్టుంటుంది. కప్పు వేసే దాతలు లేక కాదు, వేయకూడదు.

పూర్వం ఇక్కడ ప్లేగు మహమ్మారి వచ్చింది. పొద్దున పలకరించిన మనిషి సాయంత్రానికి లేడు. సర్కారు వారు ఊరి బయట పాకలు వేయించి, జ్వరం తగిలినవారిని అక్కడికి చేర్చమన్నారు. ఇళ్ళలోకి ఎండ పడేలా పెంకులన్నీ దింపమన్నారు.

"వానొస్తే మీ సర్కారు వచ్చి గొడుగు పడతాదా?" అని పుల్లన్న తాత ప్లేగు ఆఫీసరును ఎగతాళి చేశాడట.

"తడిస్తే ఆరతావు తాతా. పోతే రావు" అన్నాడట ఆయన.

జనం పెంకులు దింపారు. అమ్మ గుడి కప్పును ముట్టుకోవడానికి మాత్రం ఎవరికీ ధైర్యం చాలలేదు. ఊళ్ళో కప్పు మిగిలింది అదొక్కదానికే కదా అని ధాన్యం గంపలన్నీ అందులోకే మోశారు. గంగులమ్మ అనే కొత్త కోడలు, చంకలో గడ్డ లేచిన తన భర్త చౌడప్పను ఆ గంపల వెనకే దాచింది. పాకకు పోయినవాడు తిరిగి రాడని ఆమె భయం.

మూడవనాడు మధ్యాహ్నం గంజి తీసుకుని తలుపు తెరిచింది. అయ్యో, ఏమని చెప్పేది! గింజల కోసం చేరిన ఎలుకలు గంపల చుట్టూ చచ్చి పడున్నాయి. ఒకటి అమ్మ ఒడిలోనే ఉంది. గంగులమ్మ అక్కడే సొమ్మసిల్లింది. ఆ మైకంలో అమ్మ కనిపించి, "ఒసే గంగులూ, అందరి ఇళ్ళకూ వెలుతురిచ్చి నన్ను చీకట్లో పెట్టారు కదే. నాకే ఊపిరాడటం లేదు, నీ మొగుడికెలా ఆడతాదే?" అన్నది.

ఆమె లేచి వీధిలోకి పరుగెత్తి, "నా మొగుణ్ణి దాచినా! గుళ్ళో ఉన్నాడు!" అని అరిచింది. ఊరంతా గుడి దగ్గరికి చేరింది. "చేతులు పడిపోతాయే!" అని జనం అంటున్నా వినక, గోడెక్కి మొదటి పెంకు తానే పీకింది. ఎండ సూటిగా అమ్మ ముఖం మీద పడింది. అది చూసి పుల్లన్న తాత తలపాగా బిగించి నిచ్చెన తెచ్చాడు.

గంపలు తగలబెట్టారు. చౌడప్పను పాకకు మోశారు. పన్నెండవనాడు అతడు తన కాళ్ళ మీద తాను నడిచి వచ్చాడు. గుడి గోడ మీద కూర్చుని దారి చూస్తున్న గంగులమ్మ చేతిలో ఆ పెంకు ఇంకా అలాగే ఉందట.

నేటికీ ఆ పెంకు అమ్మ పాదాల వద్ద ఉంది. భక్తులు దాని మీద చేయి పెట్టి, ఇంట్లో ఎవరికి బాగాలేదో నలుగురికీ వినపడేలా చెప్పాలి. గొణిగితే పూజారమ్మ "అమ్మకు వినపడలేదు, మళ్ళీ చెప్పు నాయనా" అంటుంది. గట్టిగా చెప్పగానే, ముక్కూ మొహం తెలియని వాళ్ళు సైతం ఒక్క గొంతుతో అంటారు: "నడిచి వస్తారు."