మందుల పాకకు మూడు తనిఖీలు

అనగనగా ఒక అడవిలో, గెడ్డ ఒడ్డున, మద్దిచెట్టు కింద ఒక మందుల పాక ఉండేది. చుట్టూ ఉన్న ఆరు కొండలకూ అదొక్కటే. ముల్లు దిగినా అక్కడికే, జ్వరం వచ్చినా అక్కడికే, నొప్పులు మొదలైనా అక్కడికే. దాన్ని గవరమ్మ అనే ముంగిస చూసుకునేది. ఆమెకు తోడు నూకాలు అనే ఉడుత. ఒకప్పుడు ఐదుగురు పనిచేసేవాళ్ళు. ఒకరు ముసలితనంతో మానేశారు, ఇద్దరు విసిగి వెళ్ళిపోయారు. వాళ్ళ చోట్లోకి ఎవరినీ పంపలేదు. వాళ్ళ పని మాత్రం పాకలోనే ఉండిపోయింది.

పాకలో మూడు కుండలు. ఒకదాంట్లో పుండ్లకు రాసే తేనె. ఒకదాంట్లో పనివాళ్ళు తినే గింజలు. మూడోదాంట్లో నెత్తురు వేరు. కాన్పయ్యాక నెత్తురు ఆగకపోతే ఆ వేరు నూరి తాగించాలి. లేకపోతే తల్లి దక్కదు. ఆ వేరు దూరపు కొండ మీదే మొలుస్తుంది. ఆ కొండకు సింహం కొలువు కాపలా. అందుకని ఏటా వానలకు ముందు కొలువు నుంచే మూడు కుండలకూ వాటా రావాలి. ఎంత పంపాలో చూసి రాయడానికి కొంగగారు తనిఖీకి వచ్చేవారు.

ఒక ఏడాది వాటా చాలా ఆలస్యమైంది. కుండలు అడుగంటాయి. అంతలో కొంగగారు రేపు వస్తున్నారని కబురొచ్చింది.

"ఎలా ఉన్నవి అలా చూపిద్దామా అక్కా?" అంది నూకాలు.

"ఛ. పెద్దాయన గుమ్మంలోకి వస్తే ఖాళీ కుండ ఎదురు పెడతామా? మా అమ్మ ఏనాడైనా పెట్టిందా?" అంది గవరమ్మ.

ఇది మన ఇళ్ళలోనూ ఉన్నదే, పిల్లలూ. చుట్టం ముందుగదిలో కూర్చుని ఉంటాడు. అమ్మ దొడ్డిదారిన పక్కింటికి వెళ్ళి గ్లాసుడు పంచదార తెస్తుంది. చుట్టం కాఫీ తాగి, ఈ ఇంటికేం లోటు అనుకుంటూ వెళ్తాడు.

నూకాలు మూడిళ్ళు తిరిగింది. ఎలుగుబంటి తేనె ఇచ్చింది. అడవికోడి గింజలు ఇచ్చింది. ముళ్ళపంది దగ్గర వాళ్ళ నాయనమ్మ కాలం నాటి నెత్తురు వేర్లు ఉన్నాయి. ఎండి ఎండి పుల్లలైపోయాయి.

"ఇవి మందుకు పనికిరావే," అంది ముళ్ళపంది.

"చూపుకు పనికొస్తాయిలే," అంది నూకాలు.

కొంగగారు వచ్చారు. ఒంటికాలి మీద నిలబడి, మెడ సాచి, పైనుంచి చూశారు. ఏ కుండలోనూ ముక్కు పెట్టలేదు. "భేష్, మూడూ నిండుగా ఉన్నాయి," అని తాటాకు మీద రాసుకున్నారు. పెట్టిన చేపలు తిని వెళ్ళారు. సాయంత్రానికి ఎవరివి వాళ్ళకు తిరిగి వెళ్ళిపోయాయి.

కొలువులో ఆ తాటాకు చదివారు. నిండు కుండలకు అంత వాటా దేనికన్నారు. సగమే పంపారు.

రెండో ఏడాది గవరమ్మ, నూకాలు ఒంటిపూట తిన్నారు. నూకాలు తను దాచుకున్న కాయలు కూడా రోగులకు పెట్టింది. మళ్ళీ తనిఖీ వచ్చింది. మళ్ళీ మూడిళ్ళు, మళ్ళీ తేనె, మళ్ళీ గింజలు, మళ్ళీ ఆ పుల్లలే.

కొంగగారు ఈసారి తామరాకు శాలువా తెచ్చి గవరమ్మ భుజాన కప్పారు. "మీలాంటి అమ్మలుంటే కొలువుకు బెంగే లేదు," అన్నారు.

ఆయన వెళ్ళాక నూకాలు శాలువాను తిప్పి తిప్పి చూసింది. "మేకైనా కాకపోతిమి అక్కా. తినేసేవాళ్ళం."

గవరమ్మకు నవ్వడానికి ఓపిక లేదు. ఆ ఏడు సగంలో సగం వచ్చింది. నెత్తురు వేరు అసలే రాలేదు. నిల్వ ఉంది కదా అన్నారట.

మూడో ఏడాది తనిఖీకి ముందు రోజు. కుండలు అప్పటికే నింపి పెట్టి ఉన్నాయి. మిట్టమధ్యాహ్నం, అకాలపు జోరువానలో, అచ్చియమ్మ అనే దుప్పి తన చెల్లెల్ని నడిపించుకుంటూ తెచ్చింది. చెల్లెలికి తొలికాన్పు. పిల్ల బాగానే పుట్టింది. నెత్తురు మాత్రం ఆగలేదు.

గవరమ్మ పుల్లలే నూరింది. తాగించింది. ఆగలేదు.

"కుండ నిండా ఉందిగా, ఇంకొంచెం నూరు," అంది అచ్చియమ్మ.

గవరమ్మ చేతులు ఆగిపోయాయి. "అది మందు కాదు అచ్చియమ్మా. పుల్లలు. రేపు కొంగగారు వస్తారని అరువు తెచ్చాం."

అచ్చియమ్మ చెల్లెలి మెడ నాకుతూ కూర్చుంది. చెల్లెలి ఒళ్ళు చల్లబడింది. అప్పుడు నెమ్మదిగా అంది. "మందు లేదని నెల ముందు చెప్పి ఉంటే, ఇది నడవగలిగినప్పుడే దూరపు కొండకి తీసుకెళ్ళేదాన్ని. కాపలావాళ్ళ కాళ్ళైనా పట్టుకునేదాన్ని. ప్రతి తనిఖీకీ కుండ నిండుగా ఉందనే విన్నాను నేను."

మర్నాడు పొద్దున్నే గవరమ్మ కుండలు ఒంపేసి, ఎవరివి వాళ్ళకు పంపేసింది. నేల అలకలేదు. చేపలు పట్టలేదు.

కొంగగారు వచ్చి మెడ సాచారు. మెడ అలాగే ఉండిపోయింది.

"రెండేళ్ళుగా నిండుగా ఉన్నాయని నా చేత్తో నేనే రాశాను. ఇప్పుడు ఖాళీ అంటే ఎవరు తిన్నట్టు?"

"ఎవరూ తినలేదు. అప్పుడూ ఖాళీయే. మేం అరువు తెచ్చి చూపించాం."

"కొలువుకు అబద్ధం చెప్పారన్నమాట."

"చెప్పాం. లేనిది లేనట్టు కనపడనివ్వకూడదని మా అమ్మ నేర్పింది. కుండలో ముక్కు పెట్టి చూడాలని మీకెవరూ నేర్పినట్టు లేదు."

కొంగగారు కాలు మార్చుకున్నారు. గొంతు తగ్గించారు. "చూడండి గవరమ్మగారూ. ఖాళీ అని రాస్తే విచారణ మీ మీదే పడుతుంది. మీ చోటు పోతుంది. ఎప్పటిలాగే నిండుగా ఉన్నాయని రాసేస్తాను. మీకూ గొడవ లేదు, నాకూ గొడవ లేదు."

గవరమ్మ పాక వెనక్కి చూసింది. అక్కడ అచ్చియమ్మ, తల్లిలేని పిల్లను తన పొదుగుకు అలవాటు చేస్తోంది.

"ఖాళీ అని రాయండి. మూడూ. నిన్న మధ్యాహ్నం ఒక తల్లి పోయిందని కూడా రాయండి."

"దానికి ఇందులో చోటు లేదు."

"అంచున రాయండి."

రాశారు. పది రోజులకు గవరమ్మను పాక నుంచి తీసేశారు. నెల రోజులకు వాటా వచ్చింది. పంపకుండా కుండలు నిండవని కొలువుకు మొదటిసారి తెలిసొచ్చింది కాబోలు, నెత్తురు వేరు కూడా వచ్చింది. సగం కుండ.

నూకాలు గవరమ్మ పొద దగ్గరికి వచ్చింది. "అక్కా, రోగుల వరస పెరిగిపోయింది. ఊరికే ఓ పూట వచ్చి సాయం చెయ్యవా?"

గవరమ్మకు లేవాలనే ఉంది. లేవలేదు. "నేను ఊరికే వస్తే ఇద్దరున్నట్టు రాసుకుంటారు నూకాలూ. ఒక్కదానివే ఉన్నావని వాళ్ళకు కనపడనీ."

నూకాలు ఏడ్చుకుంటూ వెళ్ళింది. వెళ్ళి, వేరు కుండను తెచ్చి దారి మీద, మూత లేకుండా పెట్టింది. నీళ్ళకు వెళ్ళే ప్రతి ఆడదీ ఆగి లోపలికి చూసింది. అచ్చియమ్మా చూసింది.

"ఈ వానలకు ఎంతమంది ఉన్నారు కడుపుతో?" అని అడిగింది.

"పదకొండు మంది. వేరు నలుగురికి వస్తుంది."

అచ్చియమ్మ నీళ్ళకు వెళ్ళలేదు. ఆ పదకొండు మందినీ కేకేసి, పిల్లను పక్కన నడిపించుకుంటూ, మిగతా ఏడుగురికి వేరు అడగడానికి కొలువు దారి పట్టింది. అందరికీ కాళ్ళు లాగుతున్నాయి. అయినా నడిచారు.

నీతి: లేమిని దాచి చాకిరీ చేసే చేతులకు శాలువాలే వస్తాయి, మందులు రావు, ఖాళీ కుండను నలుగురికీ ఖాళీగానే చూపించండి.