రెండు తొర్రల పండ్లు

అనగనగా నడిసముద్రంలో ఒక చిన్న దీవి. దాని అడవిలో పెనుముక్కు పక్షులు ఉండేవి. ఆ జాతి లోకంలో మరెక్కడా లేదు. వాటిలో కెంజాయి అనే మగపక్షికి ఇటుకరంగు తల, నీలి గొంతుసంచి. "ఈ దీవికి నేనే అలంకారం" అని అతడి గర్వం. రోజూ పొద్దుటెండలో ఒక బండమీద కూర్చుని, అందరూ చూస్తుండగా ఈకలు దువ్వుకునేవాడు.

ఆ జాతికి ఒక ఆచారం ఉంది. గుడ్లు పెట్టేముందు ఆడపక్షి చెట్టుతొర్రలో చేరి, ముక్కు పట్టేంత సందు వదిలి, వాకిలిని మట్టితో మూసుకుంటుంది. లోపల దాని రెక్కల ఈకలు రాలిపోతాయి. ఇక మగపక్షి పండ్లు తెచ్చి అందిస్తేనే తల్లికీ పిల్లలకూ బతుకు. కెంజాయి భార్య కాటుక అలాగే లోపల ఉంది.

ఒకనాటి గాలివానకు పొరుగుతొర్ర మగపక్షి సముద్రంలో కొట్టుకుపోయాడు. లోపలున్న అతడి భార్య మబ్బుకు ఆ సంగతి తెలియదు.

మరునాడు కెంజాయి అటుగా ఎగిరాడు. రెక్కల చప్పుడుకు సందులోంచి ముక్కు బయటికి వచ్చింది.

"వచ్చారా?" అంది మబ్బు.

కెంజాయి ఆగలేదు. మళ్ళీ అటు వచ్చినప్పుడు రెండోసారీ ముక్కు వచ్చింది.

"పిల్లలు ఏడుస్తున్నారండీ!"

కెంజాయి గొంతులో పండ్లు కాటుకవి. తల తిప్పుకుని వెళ్ళిపోయాడు. మూడోసారి ముక్కు వచ్చింది గాని, మాట రాలేదు.

అతడు కాటుకతో అంతా చెప్పాడు. "ఆమెకు కూడా తేవాలంటే నాకు పొద్దేదీ?" అన్నాడు.

"బండమీద కూర్చునే పొద్దు ఉందిగా!" అంది కాటుక.

కెంజాయి అత్తిచెట్టుకు ఎగిరాడు. అత్తిపండ్లు నింపుకుని పొరుగుతొర్రకు వెళ్ళాడు.

"నేను మీ ఆయనను కానమ్మా, కెంజాయిని. ఆయన ఇక రారు."

ముక్కు లోపలికి పోయింది. తరువాత ఒక పిల్ల కీచుమంది. ముక్కు మెల్లగా తిరిగి వచ్చింది. అతడు పండు అందించాడు.

ఆనాటినుంచి బండ ఖాళీ. కెంజాయి ఈకలు చిరిగాయి, రంగు మాసింది.

"ఏం బావా, ఆ తలేమిటి, అరిగిన చీపురులా!" అని ఒక చిలుక నవ్వింది.

గొంతునిండా పండ్లు. కెంజాయి మబ్బు తొర్రవైపు సాగిపోయాడు.

కొన్నాళ్ళకు రెండు వాకిళ్ళూ పగిలాయి. మబ్బు కొత్త రెక్కలతో బయటికి వచ్చింది. వెనకే ఆమె పిల్లలు.

"అమ్మా, నాన్న ఈయనేనా?"

"కాదు. మీ నాన్న సముద్రంలో కలిసిపోయారు. ఈయన మిమ్మల్ని బతికించిన పెదనాన్న."

కొమ్మమీంచి చూస్తున్న చిలుక ఈసారి నవ్వలేదు. కెంజాయి తల ఎత్తాడు. నిగనిగలాడిన రోజుల్లోనూ ఆ తల అంత ఎత్తుకు లేవలేదు.

నీతి: పదిమంది చూసి మెచ్చే అందం కన్నా, ఒకరి ఆకలి తీర్చి అలసిన ఒళ్ళే గర్వించదగినది.