గడ్డిదూడ

విరోధి నామ సంవత్సరం మాఘ బహుళ పంచమి, మంగళవారం, సాయంత్రం నాలుగు గంటలు. తవిటినాయుడి గారి పశువులశాలలో ఇది జరిగింది. తిథీ వేళా మా ఇంట్లో ఇంకా చెప్పుకుంటూనే ఉన్నాం గనక మరుగున పడలేదు.

నాయుడి గారి కోడలు సూరీడమ్మ. ఆమె కూతురికి సన్నిపాత జ్వరం వచ్చి, ఇక దక్కదనుకున్న పిల్ల దక్కింది. అప్పుడు సూరీడమ్మ సింహాద్రి అప్పన్నకి మొక్కుకుంది: నలభై రోజులు మా ఆవు పాలతోనే నీ పటం ముందున్న సాలగ్రామానికి అభిషేకం చేస్తాను, ఒక్క రోజూ తప్పను, అని. ముప్పైయైదు రోజులు బాగానే గడిచాయి. సోమవారం పొద్దున అభిషేకం అయ్యాక, మధ్యాహ్నం దూడ చచ్చిపోయింది. ఆ సాయంత్రం ఆవు పాలు ఎగబెట్టింది. మంగళవారం పొద్దున్నా అంతే. పొదుగు రాయిలా బిగిసి ఉంది గాని చుక్క రాలలేదు. దీపాలవేళలోగా అభిషేకం కాకపోతే మొక్కు తప్పినట్టే. మొక్కు తప్పితే జ్వరం తిరగబెడుతుందేమోనని ఆ తల్లి పొద్దుటినుంచి పిల్ల నుదురు తాకి చూస్తూనే ఉంది.

పాలేరు లచ్చయ్య ఊళ్ళో అందరూ చేసే పనే చేశాడు. దూడ తోలు ఒలిచి, ఉప్పూ బూడిదా రాసి, లోపల గడ్డి కూరి, గోనెదారంతో కుట్టి, నాలుగు కర్రలు కాళ్ళుగా గుచ్చి తెచ్చి ఆవు ముందు నిలబెట్టాడు.

సరిగ్గా అప్పుడే కూర్మయ్య గురువుగారు భాగవతం చెప్పడానికి వచ్చారు. ఆయనకొక అలవాటుండేది. ఎవరేమడిగినా వెంటనే జవాబు చెప్పేవారు కారు. "పదండి, చూద్దాం" అనేవారు.

సూరీడమ్మ ఆయన కాళ్ళకు దండం పెట్టి, లేస్తూనే అడిగేసింది.

"గురువుగారూ, పశువు చేత పని చేయించుకోవడం, దాని పాలు తాగడం మనకి న్యాయమేనా? దాని పిల్లని చూపించి దాన్నే మోసం చేసి పిండిన పాలు దేవుడి మీద పొయ్యొచ్చా?"

అరుగు మీదున్న తవిటినాయుడు గారు చుట్ట పక్కన పెట్టారు.

"అదేం అడగడమమ్మా కోడలా! ఆవుని పుట్టించిందే మనకోసం. కాకపోతే అంత పొదుగు ఎందుకూ? రేపు ఎద్దుని బతిమాలి దుక్కి దున్నిస్తావేటి?"

లచ్చయ్య కిసుక్కున నవ్వాడు. గురువుగారూ నవ్వారు. "పదండి, చూద్దాం" అని శాలలోకి వెళ్ళి, గడ్డిమోపు మీద కూర్చున్నారు.

ఆవు గడ్డిదూడని వాసన చూసింది. చెవులు ముందుకి పెట్టింది. తర్వాత మెల్లిగా నాకడం మొదలుపెట్టింది, తల నుంచి తోక దాకా. పొదుగు వదులైంది. లచ్చయ్య చెంబులో ధారలు చుయ్ చుయ్ మన్నాయి. సూరీడమ్మ చేతులు జోడించింది. మొక్కు నిలిచింది కదా! కాని ఆ నాకుడు చూడలేక మొహం తిప్పేసుకుంది.

"ఇటు చూడమ్మా," అన్నారు గురువుగారు.

నాకుతూ నాకుతూ ఉంటే కడుపు దగ్గర కుట్టు ఊడింది. గుప్పెడు గడ్డి బయటికొచ్చింది. ఆవు ఆ గడ్డిని వాసన చూసింది. పెదవులతో లాగింది. నింపాదిగా నమలసాగింది. ఇంకో గుప్పెడు లాగింది. దూడ పొట్ట లోపలికి పోతోంది. పాలు మాత్రం చెంబులో పడుతూనే ఉన్నాయి.

లచ్చయ్య చెయ్యి ఆగిపోయింది. "ఓలమ్మో! దీనికి తెలిసిపోనాదేటి?"

"ఈ బొమ్మ ఎవరికోసం కుట్టావు లచ్చయ్యా?" అనడిగారు గురువుగారు.

"ఆవుకోసమే బాబూ."

గురువుగారు లేచి పంచె దులుపుకున్నారు. "ఆవుకోసం కాదులా ఉంది."

ఆ చెంబెడు పాలన్నీ ఆ సాయంత్రం అభిషేకానికే అయిపోయాయి. పోస్తున్నంతసేపూ సూరీడమ్మ స్వామివంక కళ్ళెత్తి చూడలేదు. గురువుగారు ఆ రాత్రి అక్కడే ఉండిపోయారు. భాగవతం చదివారు.

తెల్లవారింది. లచ్చయ్య వచ్చేసరికి శాలలో గడ్డిదూడ లేదు. సూరీడమ్మ దాన్ని తనే ఎత్తుకెళ్ళి, పెరట్లో ఆనపపాదు కింద గొయ్యి తీసి కప్పేసింది. చేతులు కడుక్కొచ్చి, ఆవు ముందు తవుడు కుడితి పెట్టి, పక్కనే కూలబడి గంగడోలు నిమురుతూ ఏదో మాట్లాడుతోంది. ఏం మాట్లాడిందో ఆవిడ ఎవరికీ విడమరచి చెప్పలేదు. మేం అడిగితే, "పిల్ల సంగతే చెప్పానర్రా, ఇంకేం చెబుతాను" అనేది. చాలాసేపటికి ఆవు చేపింది. గిద్దెడు పాలు వచ్చాయి. అంతే, మళ్ళీ బిగబట్టింది. ఇంకా పిండబోతున్న లచ్చయ్యని చెయ్యి పట్టుకుని ఆపేసింది సూరీడమ్మ.

ఆ గిద్దెడూ స్వామికి సరిపోయాయి. ఇంట్లోకి చుక్క మిగల్లేదు. ఆ పొద్దున ఇంటిల్లిపాదీ చోడి, అదే రాగి, అంబలిలో మజ్జిగ లేక ఉప్పుకల్లు వేసుకుని, ఉల్లిపాయ కొరుక్కుని తాగారు. జ్వరం పడి లేచిన పిల్ల కూడా అదే తాగి, ఇంకొంచెం కావాలంది.

తవిటినాయుడు గారు అంబలి ముంతలోకి చూసి నిట్టూర్చారు. "ఇదేం చోద్యం స్వామీ! పూటకి నాలుగు శేర్లిచ్చే ఆవు. ఇంతేనా ఇచ్చింది?"

గురువుగారు తన ముంత ఎత్తి ఒక గుక్క తాగారు.

"అడిగితే వచ్చేది ఇంతే, నాయుడు గారూ."