మళ్ళే చోటు

ఒకాయనకి ఇంటి ముందు అరెకరం పచ్చిక ఉండేది. పొడవెక్కువ, వెడల్పు తక్కువ. దాన్ని ఆయన వారం వారం బండి మీద కూర్చుని కోసేవాడు.

ఆ ఊళ్ళో ఇళ్ళ మధ్య గోడలు కట్టుకోరు. ఒకరి పచ్చిక ఎక్కడ అయిపోయిందో నేలలో పాతిన చిన్న రాళ్ళు చెబుతాయి, అంతే. కోతబండి హద్దు దాకా వచ్చాక ఉన్నచోటే వెనక్కి తిరగలేదు. పక్కవాళ్ళ నేలలోకి వెళ్ళి, పెద్ద చుట్టు తిరిగి, మళ్ళీ తన నేలలోకి రావాలి. ఆ చుట్టులో తెగిన గడ్డి పక్కవాళ్ళ పశువుది. చుట్టు తిరిగినవాడికి ఆ ఇంటివాళ్ళు దాహానికి ఏదైనా ఇవ్వాలి. ఈ పద్ధతి ఎవరు పెట్టారో ఎవరికీ తెలియదు. తెలుసుకోవాలని కూడా ఎవరికీ తోచలేదు.

ఈయన బండి పక్కింటావిడ జామచెట్టు చుట్టూ తిరిగి వచ్చేది. ఆవిడ ఈయనకంటే పెద్దది, ఒంటరి మనిషి. మోకాళ్ళు సరిగా వంగవు. ఇంట్లో ఒక దూడ ఉంది. బండి చప్పుడు దగ్గరపడగానే చెట్టుకింద రాతిమీద మజ్జిగ గ్లాసు పెట్టి నిలబడేది.

"ఎండగా ఉంది తమ్ముడూ, కాస్త ఆగి వెళ్ళు."

"ఎందుకండీ మీకీ శ్రమ," అని ఆయన నిలబడే తాగేసి, గ్లాసు రాతిమీద పెట్టి, బండెక్కేసేవాడు.

మనిషి మంచివాడే. కానీ ఒకరి చోటు వాడుకోవడం, ఒకరి చేతి మజ్జిగ తాగడం ఆయనకి మహా నామోషీ. ఎవరింటికీ వెళ్ళడు, ఎవర్నీ రమ్మనడు. ఇంట్లో ఆయన కాక చప్పుడు చేసేది గోడగడియారం ఒక్కటే. వారం మొత్తంలో ఇంకో మనిషి గొంతు ఆయన చెవిన పడేది ఆ జామచెట్టు కిందే. ఈ సంగతి ఊరంతటికీ తెలుసు, ఆయనకి తప్ప.

ఒక వేసవిలో పాతబండి మొరాయించింది. ఆయన కొత్తది కొనడానికి పట్నంలో యంత్రాల కొట్టుకి వెళ్ళాడు.

ఆ కొట్టులో యంత్రాలు తమ గురించి తామే చెప్పుకునేవి. అందుకని కొట్టు యజమాని పెద్దగా నోరు విప్పేవాడు కాదు.

మొదటిది, "నన్ను వెనకనుంచి తోసుకుంటూ నడవాలి. నీకూ నాకూ ఇద్దరికీ ఆయాసం వస్తుంది," అంది. ఆయన ముందుకి కదిలాడు.

రెండోది, "నాకు స్టీరింగ్ ఉంది. మెల్లగా పోతాను. మళ్ళడానికి మాత్రం చోటు కావాలి," అంది.

"ఆ బాధ పడలేకే వచ్చాను," అన్నాడాయన.

మూడోదానికి స్టీరింగ్ లేదు. సీటుకి చెరోవైపు ఒక్కో పిడి ఉంది. "నన్ను జీరో టర్న్ అంటారు," అంది అది. "రెండు పిడులూ ముందుకి తోస్తే తిన్నగా పోతాను. ఒకటి ముందుకీ ఒకటి వెనక్కీ లాగితే నిలబడ్డచోటే తిరిగిపోతాను. నాకు మళ్ళే చోటు అక్కర్లేదు."

"ఎవరి చోటూ అక్కర్లేదా?"

"ఎవరిదీ."

ఆయన గుండె చల్లబడింది.

కొట్టు యజమాని అడగాల్సినవి అడిగాడు. గేటు ఎంత వెడల్పు, నేల ఏటవాలా, చెట్ల వేళ్ళు పైకి తేలాయా? ఆయన అన్నిటికీ ముందే కొలుచుకొచ్చిన సమాధానాలు చెప్పాడు.

"ఇప్పుడు ఎక్కడ మళ్ళుతున్నారు?" అని చివరగా అడిగాడు యజమాని.

"పక్కింటావిడ నేలలో."

"ఆవిడకేం ఇబ్బంది లేదు కదా?"

"ఆవిడకి లేదు. నాకే."

యజమాని బండిని లారీలోకి ఎక్కిస్తూ, "తడినేల మీద మాత్రం ఉన్నచోటే తిప్పకండి. చక్రం నేలని తొలిచేస్తుంది," అన్నాడు. ఆయన అప్పటికే డ్రైవరుకి దారి చెబుతున్నాడు.

నాకు ఆ యంత్రం మీద కోపమేమీ లేదు. అది చెప్పినదంతా చేసింది. హద్దురాయి దాకా వచ్చి, గిర్రున తిరిగి, గడ్డిపోచ కూడా వదలకుండా వెనక్కి వెళ్ళేది. అవతల జామచెట్టు కింద ఆవిడ గ్లాసు పట్టుకుని నిలబడింది. ఆయన చూశాడు. అక్కడినుంచే రెండు చేతులూ జోడించి దణ్ణం పెట్టి తిరిగిపోయాడు. మర్యాదగానే పెట్టాడు, అదే మరీ ఘోరం.

తొలకరి పడింది. ఆవిడ నేలలో మళ్ళే బండి ఇక లేదు కాబట్టి అక్కడ గడ్డి మోకాలెత్తు లేచింది, తర్వాత నిలువెత్తు. ఆవిడ ఇల్లు ఈయనకి కనిపించడం మానేసింది, జామచెట్టు కొమ్మలు మాత్రం పైన కనిపించేవి. ఇటుపక్క హద్దు వెంట, చక్రం తిరిగిన ప్రతిచోటా పచ్చిక లేచిపోయి ఎర్రమట్టి బయటపడింది. ఆయన విత్తనాలు చల్లాడు, మొలవలేదు. రాత్రుళ్ళు గడియారం చప్పుడు మరీ ఎక్కువైందని దాని బ్యాటరీ తీసేశాడు. అప్పుడు ఇల్లు ఇంకా భరించలేనట్టయింది. ఎందుకో ఆయనకి అర్థం కాలేదు.

ఒకరోజు బాగా వాన కురిసి వెలిసింది. ఆయన కోతకి దిగి, హద్దు దగ్గర అలవాటు ప్రకారం పిడులు లాగాడు. యంత్రం తిరిగింది, ఆగకుండా తిరిగి తన కింద మట్టిని తనే తోడుకుని అందులో కూరుకుపోయింది.

"ముందుకి పద," అన్నాడాయన.

"పోలేను," అంది యంత్రం. "తిరగమంటే తిరుగుతాను."

ఇంకోసారి లాగితే ఇంకాస్త దిగింది. ఆయన దిగి భుజం పెట్టి తోశాడు. మొహం నిండా బురద పడింది కానీ చక్రం కదల్లేదు. సాయానికి పిలవాలి. ఎవర్ని?

"అండీ!" అని కేక వేశాడు. అండీ అనే మాట అరవడానికి పనికిరాదు. మళ్ళీ అరిచాడు. గడ్డిలో పిట్ట కూడా లేవలేదు.

ఈసారి, ఎప్పుడూ అనని మాట ఒకటి ఆయన గొంతులోంచి వచ్చింది.

"అక్కా!"

"ఇటు రా తమ్ముడూ," అని గడ్డి వెనకనుంచి వినిపించింది. "నేనే వచ్చేదాన్ని, లేవలేకుండా ఉన్నాను."

ఆయన భయపడిపోయాడు. హద్దురాయి దాటి, గడ్డి రెండు చేతులా చీల్చుకుంటూ పరిగెత్తాడు. ఎక్కడో పడిపోయి ఉంటుందనుకున్నాడు.

జామచెట్టు చుట్టూ గడ్డి లేదు. గుండ్రంగా, శుభ్రంగా కోసి ఉంది. చెట్టుకింద పీట వేసుకుని, కాళ్ళు చాపుకుని, ఆవిడ కొడవలితో చెయ్యి అందినంత మేర కోస్తోంది. పీట జరుపుకుంటూ చెట్టు చుట్టూ వచ్చినట్టుంది. పక్కన కోసిన గడ్డి కుప్పగా ఉంది. రాతిమీద గ్లాసు, దానిమీద మూత.

"ఇదెందుకు కోస్తున్నావక్కా?"

"నీ బండి మళ్ళాలి కదా."

"ఇప్పుడు దానికి చోటు అక్కర్లేదు."

"బండికి అక్కర్లేదని నాకూ తెలుసులే," అందావిడ.

ఆయనకి సిగ్గేసింది. చెట్టు మొదట్లో కూలబడ్డాడు. "నా మీద కోపం రాలేదా?" అన్నాడు.

"ఎందుకు రాలేదు? వారం వారం వచ్చింది. మజ్జిగ తాగు ముందు, పులిసిపోతుంది."

ఆయన ఆ రోజు కూర్చుని తాగాడు. తాగుతుంటే కళ్ళనీళ్ళు కారాయి, బురద మొహం కాబట్టి ఆవిడ చూడలేదనుకున్నాడు. ఆవిడ చూసింది.

లేచాక ఆవిడ కుప్పవైపు చూపించింది. "ఇది పట్టుకెళ్ళి చక్రాల కింద వెయ్యి. పట్టు దొరుకుతుంది."

"దూడకో?"

"దూడకి కాసేపు ఆకలేస్తే ఏమీ కాదు."

గడ్డి వేశాక యంత్రం గోతిలోంచి బయటపడింది.

మరుసటి వారం నేల ఆరింది. ఆయన కోతకి దిగాడు. యంత్రం హద్దురాయి దగ్గరకి వచ్చి, అలవాటుగా ఆగబోయింది.

"ఇక్కడే తిరగగలను కదా," అంది.

"గలవు," అన్నాడాయన, రెండు పిడులూ ముందుకి తోస్తూ.