నిమ్మనారులో సీతాకోకచిలుక

మస్తానయ్య తీసిన ఫొటోల్లో ఒక్కదాన్ని కూడా మీరావలి బాబా బాగుందనలేదు. బాగాలేదనీ అనలేదు. చేతిలోకి తీసుకుని చూసేవాడు, తిరిగి ఇచ్చేసేవాడు. మస్తానయ్యకు అది లోపల గుచ్చుతూ ఉండేది.

రాపూరు దాటాక కొండల కింద ఒక చిన్న దర్గా, దాని వెనక తోట. బాబా ఆ దర్గాలో ఉండే ముసలి ఫకీరు. మతంతో పని లేకుండా అందరూ ఆయన దగ్గరికి వచ్చేవాళ్ళు. మస్తానయ్యకు ఒకప్పుడు ఊళ్ళో ఫొటో స్టూడియో ఉండేది. దాన్ని తమ్ముడికి అప్పజెప్పి, బాబాకు శిష్యుడై తోటలోనే ఉండిపోయాడు. కెమెరా మాత్రం వెంట తెచ్చుకున్నాడు. బాబా వద్దనలేదు.

తోటలో నిమ్మనారు పెంచడం అతని పని. ఏటా ఉరుసుకు వచ్చినవాళ్ళకు దర్గా తరఫున తలా ఒక నిమ్మమొక్క ఇస్తారు. మస్తానయ్య చేతి మొక్కకు ఒక్క ఆకు కూడా తూటు పడదని చుట్టుపక్కల పేరుంది. ఆ మాట ఎవరైనా అంటే అతను తల దించుకునేవాడు గానీ, చెవులు మాత్రం అటే ఉండేవి.

ఆ ఏడు మాఘమాసం సగంలోనే చలి వెనక్కి తగ్గింది. మామిడి పూత వాసన తోటంతా కమ్ముకుంది. ఒకరోజు పొద్దున బంతిపూల మీద ఆ ఏటి మొదటి సీతాకోకచిలుక వాలింది. నల్లటి రెక్కలు, వాటి నిండా లేత పసుపు మచ్చలు, కింది రెక్కల చివర ఎర్రటి బొట్టు. ఎండకు రెక్కలు పరుచుకుని కూర్చుంది. మస్తానయ్య ఊపిరి బిగబట్టి ఫొటో తీశాడు. రెక్క మీది పొడి కూడా కనబడేంత స్పష్టంగా వచ్చింది. తమ్ముడి స్టూడియోలో దాన్ని పెద్ద కాగితం మీద వేయించుకుని వచ్చాడు. ఈసారి బాబా ఏదో ఒకటి అనక తప్పదనుకున్నాడు.

బాబా దాన్ని వెలుతురుకు పట్టి చాలాసేపు చూశాడు. తర్వాత కాగితాన్ని తిరగేశాడు. వెనక అంతా తెల్లగా ఉంది. అటూ ఇటూ వంచి చూశాడు.

"దీని కింద పక్క ఏదయ్యా?" అన్నాడు.

"కింద పక్కేంది బాబా?"

"రెక్కకు కింద పక్క ఉంటుంది గదా. అది ఎట్టుంటుంది?"

బాబా గొంతులో ఎగతాళి లేదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగాడు. ఈ జాతి సీతాకోకచిలుకల్ని మస్తానయ్య ఎన్నోసార్లు ఫొటో తీశాడు. కింద పక్క ఎట్టుంటుందో తెలియదు.

మర్నాటి నుంచి పొద్దున్నే బంతిమళ్ళ మధ్య బోర్లా పడుకోవడం మొదలుపెట్టాడు. కెమెరా నేలకు ఆనించి, తల పక్కకు వంచి, సీతాకోకచిలుక వాలేదాకా కదలకుండా ఉండేవాడు. చొక్కా నిండా మట్టి. మెడ పట్టేసేది.

బాబా చెల్లెలు జైనాబీ దర్గాలో వంట చూసేది. నీళ్ళకు వచ్చినప్పుడల్లా ఆగి చూసేది.

"ఏంది నాయనా, పొద్దున్నే బోర్లా పడుండావు? కడుపులో నొప్పా?"

"మాట్లాడబాక జైనమ్మక్కా. లేచిపోతుంది."

"నువ్వు లేస్తే చాలు తండ్రీ. బిందె పట్టు."

చివరికి ఆ ఫొటో వచ్చింది. కింద పక్క అతను అనుకున్నట్టు లేనే లేదు. పైన నలుపు ఎక్కువ, కింద పసుపు ఎక్కువ. ఆ పసుపులో నీలం పొడి రాసినట్టు, నారింజ రంగు అద్దినట్టు మచ్చలు. ఒకే రెక్క రెండు పక్కలా రెండు రకాలుగా ఉండటం అతనికి వింతగా తోచింది. రెండు ఫొటోలూ ఒకే కొలతలో వేయించి, మైదా జిగురుతో వీపులు కలిపి అతికించి, బాబా చేతిలో పెట్టాడు.

బాబా ఇటు తిప్పాడు. అటు తిప్పాడు. మళ్ళీ ఇటు తిప్పాడు. ముసలి ముఖం విప్పారింది.

"భలే ఉందే," అన్నాడు.

మస్తానయ్య గుండె నిండింది. కానీ బాబా ఇంకా అయిపోనట్టే ఉన్నాడు.

"అది సరే. ఇది ఎక్కడ్నించి వచ్చింది?"

"కొండ మీద నుంచే వచ్చుంటుంది బాబా."

"చూశావా?"

"చూడలేదు."

బాబా కాగితం తిరిగి ఇచ్చేసి, తస్బీ జపమాల చేతిలోకి తీసుకున్నాడు.

మర్నాడు తెల్లవారుతుండగానే మస్తానయ్య కొండదారి పట్టాడు. సగం దూరం ఎక్కి, తోట కనబడేచోట ఒక బండమీద కూర్చున్నాడు. ఎండ పైకి వచ్చేకొద్దీ ఒక్కొక్కటే బయలుదేరాయి. పచ్చి పసుపువి గుంపుగా వాగు దాటాయి. నీలం గీతలవి కొన్ని తడి ఇసుక మీద వాలి, మూతులు దించి ఆ తడి తాగుతూ ఉండిపోయాయి. అవి అట్లా తాగుతాయని అతనికి అప్పటిదాకా తెలియదు. చూస్తుంటే ఆకలి గుర్తు రాలేదు. కానీ తనకు కావలసిన నల్లరెక్కలది ఒక్కటి కూడా కొండ దిగి రాలేదు. తర్వాతి రోజూ అంతే.

దిగి వచ్చేసరికి జైనాబీ చేటలో బియ్యం ఏరుతూ వాకిట్లో కూర్చుని ఉంది.

"దొరికిందా?" అంది.

"లేదక్కా. కొండ మీద అవి లేనే లేవు."

"కొండ మీద ఎందుకుంటాయి? పొద్దుట్నించీ ఒకటి నీ నారుమడి మీదే తిరగతా ఉండె. చెబుదామంటే నువ్వు కొండెక్కి కూర్చుంటివి."

మస్తానయ్య నారుమడి దగ్గరికి నడిచాడు. నిజమే. అదే నలుపు, అదే పసుపు. మొక్కల మీద తేలుతూ తిరుగుతోంది. అతనికి విచిత్రంగా అనిపించింది. నిమ్మనారుకు పూత లేదు. తేనె లేనిచోట దీనికేం పని?

నేల మీద చతికిలబడి చూశాడు. అది వాలి కూర్చోలేదు. రెక్కలు కొట్టుకుంటూనే ఒక లేత ఆకును కాళ్ళతో తాకింది, ఒళ్ళు వంచి తోక చివర ఆకుకు ఆనించింది, లేచింది. ఇంకో మొక్క మీదికి పోయి అదే పని చేసింది. అది పోయాక దగ్గరికి వెళ్ళి చూస్తే ఆకు మీద గసగసాల గింజంత పసుపు చుక్క.

గుడ్డు.

దాన్ని దగ్గరగా ఫొటో తీశాడు. సరిగా వచ్చిందో లేదోనని కెమెరా తెర మీద పెద్దది చేసి చూశాడు. గుడ్డు గుండ్రంగా, నున్నగా, ముత్యంలా ఉంది. దాని పక్కన, అదే ఆకు మీద, ఒక పిట్ట రెట్ట పడి ఉంది. గోధుమ రంగు, మధ్యలో తెలుపు. అలవాటుగా అతని చెయ్యి భుజం మీది తడి తువ్వాలు మీదికి పోయింది. రోజూ పొద్దున అతను చేసే మొదటి పని అదే. ఆకుల మీది రెట్టల్ని తడిగుడ్డతో తుడిచేయడం. పెద్ద పచ్చపురుగులు కనబడితే ఏరి సబ్బునీళ్ళ డబ్బాలో వేయడం.

తువ్వాలు తీస్తూ మళ్ళీ ఒకసారి తెర వైపు చూశాడు. ఇంకాస్త పెద్దది చేశాడు.

రెట్టకు కాళ్ళున్నాయి.

పురుగే సీతాకోకచిలుక అవుతుందని మస్తానయ్యకు తెలియక కాదు. బడిలో చదువుకున్నదే. కానీ ఆ పాఠంలోని పురుగు ఎక్కడో ఉంటుందనుకున్నాడు. రోజూ తన గుడ్డకు అంటుకునేది అదేనని ఎన్నడూ అనుకోలేదు.

ఆ పూట ఆకులు తుడవలేదు. సాయంత్రం బాబా దగ్గర అందరితో కలిసి కూర్చోవడానికీ వెళ్ళలేదు. మర్నాడూ తుడవలేదు. రోజులు గడిచేకొద్దీ రెట్టల్లాంటివి ఒళ్ళు చేసి పచ్చబడ్డాయి. లేత ఆకులు అంచుల నుంచి తరిగిపోసాగాయి. ఉరుసు దగ్గరపడుతోంది. అతను నారుమడి గట్టు మీద కూర్చుని, ఒక్కో తూటూ చూసుకుంటూ, ఏం చేయాలో తెలియక చేతులు ఒళ్ళో పెట్టుకునేవాడు.

ముందు జైనాబీయే చూసింది.

"ఏందబ్బా ఇది! ఉరుసుకు వచ్చినోళ్ళకు ఈ జల్లెళ్ళు ఇస్తామా? నీకు ఒళ్ళు బాగుండ్లేదా, మనసు బాగుండ్లేదా?" అని అతన్ని వెంటబెట్టుకుని అన్న దగ్గరికి తీసుకుపోయింది. "భాయీ, ఈయన్ను అడుగు. నారంతా పురుగులకు వదిలేసినాడు."

బాబా మస్తానయ్య ముఖంలోకి చూశాడు.

"ఎక్కడ్నించి వచ్చిందో తెలిసిందా?"

మస్తానయ్య నారుమడి వైపు చెయ్యి చూపించాడు. "మన నారులోంచే బాబా. నేనే రానీకుండా తుడిచేస్తా ఉండాను. వచ్చిన కాణ్ణించీ."

జైనాబీకి ఏమీ అర్థం కాలేదు. బాబా మందలించలేదు, ఓదార్చలేదు. కర్ర అందుకుని లేచాడు.

"ఏదీ, చూపించు."

నారుమడి పక్కన ఆయన మోకాళ్ళ మీద చేతులు ఆనించుకుని మెల్లగా గొంతుకూర్చున్నాడు. మస్తానయ్య ఒక ఆకును చూపించాడు.

"ఇదా! అచ్చం రెట్ట మాదిరే ఉండాదే! ఎంత తెలివి దీనికి." ఆయన తల ఆకుకు ఇంకా దగ్గరగా వంచాడు. "పిట్టలు మోసపోతాయా మరి?"

"నేనే మోసపోయినాను బాబా."

పక్క మొక్క మీద ఒక పెద్ద పచ్చపురుగు ఉంది. బాబా వేలి కొసతో దాని వీపు మీద తాకాడు. తటాలున దాని తల వెనక నుంచి ఎర్రటి కొమ్ములు రెండు బయటికి పొడుచుకొచ్చాయి. కుళ్ళిన నిమ్మకాయ వాసన గుప్పున కొట్టింది. బాబా ఉలిక్కిపడి వేలు వెనక్కి తీసుకుని, పగలబడి నవ్వాడు. మస్తానయ్యకూ నవ్వొచ్చింది.

"జైనూ, ఇటు రా. ఇది నన్ను బెదిరిస్తా ఉంది."

జైనాబీ ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని వచ్చి వంగింది. కొమ్ములు మెల్లగా లోపలికి పోయాయి. ఆమె కొంగు తీసేసి చూసింది. తర్వాత, "మళ్ళీ తాకు భాయీ, సరిగా చూళ్ళేదు," అంది.

అట్లా ముగ్గురూ చాలాసేపు ఉండిపోయారు. తర్వాత బాబా లేచి నారుమడి అంతా కలియజూశాడు. అన్నిటికంటే ఏపుగా, గుబురుగా ఎదిగిన మొక్క ఒకటుంది. మస్తానయ్య దాన్ని దర్గా వాకిట్లో నాటాలని ప్రత్యేకంగా కుండీలో పెంచుతున్నాడు. బాబా వంగి దాని కుండీ అంచు పట్టుకున్నాడు.

"అది వద్దు బాబా. బక్కది ఇంకోటి ఇస్తాను," అన్నాడు మస్తానయ్య గబగబా.

బాబా కుండీ వదల్లేదు. మస్తానయ్య వైపు చూస్తూ అట్లాగే వంగి ఉన్నాడు. ఒక క్షణం తర్వాత మస్తానయ్యే ముందుకు వచ్చి రెండోవైపు పట్టుకున్నాడు. ఇద్దరూ కలిసి దాన్ని మోసుకొచ్చి, వచ్చినవాళ్ళకు బాబా కనబడే అరుగు మీద, ఆయన చాప పక్కనే పెట్టారు.

"రోజూ పొద్దున పురుగుల్ని తెచ్చి దీని మీద పెట్టు," అన్నాడు బాబా.

ఆ తర్వాత మస్తానయ్య తువ్వాలు గదిలోనే వదిలి నారుమడికి వెళ్ళేవాడు. పురుగులున్న ఆకును కాడతో సహా తుంచి, అరచేతిలో పెట్టుకుని, అడుగులో అడుగు వేసుకుంటూ అరుగు దాకా తెచ్చేవాడు. మిగతా నారు మెల్లగా కోలుకుంది. అరుగు మీది మొక్క మాత్రం రోజురోజుకూ పలచబడింది. రాత్రిపూట అవి ఆకు కొరికే చప్పుడు వినబడుతుందని బాబా అనేవాడు. అది నిజమో, మురిపెమో మస్తానయ్యకు తెలియలేదు.

ఉరుసు నాటికి దాని మీద ఒక్క ఆకు లేదు. ముళ్ళూ పుల్లలే మిగిలాయి. ఆ పుల్లలకు అక్కడక్కడ సన్నటి పట్టుదారంతో నడుం కట్టుకుని, ఎండాకు మడతల్లాంటి గూళ్ళు కదలకుండా వేలాడుతున్నాయి. తెలిసినవాళ్ళకు తప్ప కనబడవు.

మధ్యాహ్నం తోటలో పందిరి కింద భోజనాలు జరుగుతున్నాయి. జైనాబీ వడ్డించేవాళ్ళ మీద కేకలేస్తోంది. తిని లేచినవాళ్ళు చేతులు కడుక్కుని అరుగు దగ్గరికి వస్తున్నారు. బాబా నెమలీకల కట్టతో వాళ్ళ తల మీద తాకుతున్నాడు. పక్కన నిలబడి మస్తానయ్య ఒక్కొక్కరికి నిమ్మమొక్క ఇస్తున్నాడు.

పొదలకూరు నుంచి నిమ్మతోటల రైతు ఒకాయన వచ్చాడు. ఏటా వచ్చేవాడే. మొక్క అందుకుని, ఆకులు తిప్పి చూసి, బాగుందన్నట్టు తలూపాడు. అప్పుడు అతని చూపు బాబా పక్కనున్న కుండీ మీద పడింది. ముఖం చిట్లించాడు.

"ఏంది బాబా ఇది? ఊరందరికీ ఇంత మంచి మొక్కలు ఇచ్చి, మీ పక్కన ఈ మోడు పెట్టుకున్నారు? పురుగు మొత్తం తినేసింది గదా!"

మస్తానయ్య ఏదో చెప్పబోయాడు. బాబా చెయ్యి అడ్డం పెట్టాడు. పందిట్లో అప్పుడే పంక్తి లేచింది. అన్నం మెతుకులు, పులుసు మరకలు అంటిన విస్తళ్ళు వరసగా నేల మీద పరిచి ఉన్నాయి. బాబా వాటి వైపు చూపించాడు.

"కడుపునిండా తిని లేచిన విస్తరి ఇంకెట్టుంటుందయ్యా?" అన్నాడు.