ఓడ దించిన రథం

సముద్రపు ఒడ్డున ఒక చిన్న రాజ్యం ఉండేది. ఒకనాటి ఉదయం పొగమంచులోంచి పరదేశపు ఓడ ఒకటి వచ్చి, హంసలా తెల్లగా మెరిసే పందెపు రథాన్ని ఒడ్డున దించింది. దాన్ని చూడగానే రాజుకు మేఘాల మీద తేలుతున్నట్టు అనిపించింది.

"దీని చక్రం విరిగితే ఎలాగయ్యా?" అని ఓడలో రథం తెచ్చిన వర్తకుణ్ణి అడిగింది నూకాలు. ఆ రథం తోలవలసిన సారథి పైడయ్య ఆమె మొగుడే.

"మీ ఊరి బండి చక్రం ఏదైనా దీనికి సరిపోతుందమ్మా" అని నవ్వాడు వర్తకుడు.

"విన్నావుగా, ఇంకా భయమెందుకు?" అన్నాడు రాజు, రథం మీంచి చూపు తిప్పకుండానే.

"భయం పోయింది మహారాజా. ఒక చక్రం విప్పి మా బండి చక్రం వేయిద్దాం. మొదటి పరుగు ఈ అయ్యగారే తోలాలి. ఇంత దూరం తెచ్చిన అతిథికి ఆ గౌరవం దక్కాలి కదా!"

రాజుకు ఆ మాట నచ్చింది. బండి చక్రం తగిలిస్తే అది ఇరుసు మీద వదులుగా ఊగింది. గుర్రాలను కట్టారు. వర్తకుడు రథం మీద ఒక కాలు పెట్టి, వెంటనే దించేశాడు.

"క్షమించండి ప్రభూ! మా ఇరుసు కొలత వేరు. సరిపోయే చక్రాలు ఓడలో దాచాను. రథానికున్నవి విరిగాక మీరే నన్ను బతిమాలుకుంటారని..."

ఆ చక్రాలన్నీ దిగేదాకా రాజు ఓడను కదలనివ్వలేదు.

మర్నాడు పైడయ్య రథం తోలుతుంటే, అది ఇసుకను తాకకుండా మంచులో ఈదుతున్నట్టే ఉంది. రాజు మెల్లగా నూకాలు పక్కకు వచ్చాడు.

"ఇక నేను ఎక్కవచ్చునా?" అని అడిగాడు.